ఒకే బండి, రెండు ఆకళ్లు

సాయంత్రం నాలుగున్నరకి తణుకులో మా వీధి చివర బజ్జీల బండి పొయ్యి వెలుగుతుంది. మూకుట్లో నూనె కాగిందో లేదో చూడ్డానికి బండాయన చిటికెడు పిండి జారవిడుస్తాడు. అది అడుగున కూర్చుంటే ఇంకా టైముంది. వేసీ వేయగానే బుసబుసమంటూ పైకి తేలిందా, ఇక మిరపకాయల వంతు. పొడుగాటి లేతాకుపచ్చ మిరపకాయకి నిలువునా గాటు పెట్టి, చింతపండు, వాము, ఉప్పు నూరిన ముద్ద లోపల రాసి, శనగపిండి జారులో ముంచి వదులుతాడు. జల్లిగరిటతో మొదటి వాయి తీసేసరికి చుట్టూ పదిమంది. "మాస్టారూ, మీకు తర్వాతి వాయి" అంటాడు తలెత్తకుండానే. ఆ పదిమందిలో ఆకలితో వచ్చినవాడు ఒక్కడూ ఉండడు. మధ్యాహ్నం ఇంట్లో తిన్నారు, రాత్రికి మళ్లీ ఇంట్లోనే తింటారు. ఈ మధ్యలో నోరు ఊరుకోక వచ్చారు.

రాత్రి తొమ్మిదిన్నరకి హైదరాబాదు అమీర్‌పేటలో ఒక టిఫిన్ బండి. స్టీలు పళ్లానికి పల్చటి పాలిథిన్ కవరు తొడిగి, దాని మీద రెండు దోసెలు వేసి, పక్కన పల్లీ చట్నీ పోసి ఇస్తారు. తిన్నాక కవరు తీసి డ్రమ్ములో పడేసి, అదే పళ్లానికి ఇంకో కవరు తొడుగుతారు. ఇక్కడా చుట్టూ పదిమందే. కోచింగ్ సెంటరు వదిలాక వచ్చిన కుర్రాళ్లు, హాస్టల్ కూర మింగుడుపడక దిగొచ్చిన అమ్మాయిలు, డ్యూటీ ఎక్కబోతున్న సెక్యూరిటీ గార్డు, నడుముకి డెలివరీ సంచీ ఆనించుకుని నిలబడ్డ ఒకాయన. ఊరికే వచ్చినవాళ్లెవరూ లేరు. అది వాళ్ల రాత్రి భోజనం.

సంక్రాంతికి ఊరెళ్లిన ప్రతిసారీ అరుగు మీద ఒక వాదన నడుస్తుంది. ఊళ్లో తిండి మంచిదా, సిటీలో తిండి మంచిదా? ఊరి పక్షం వాళ్లు రుచీ, శుభ్రం, ఆప్యాయత అంటారు. సిటీ పక్షం వాళ్లు రకాలూ, వేళాపాళా లేని సౌకర్యం, అడిగేవాడు లేని స్వేచ్ఛ అంటారు. చాలా ఏళ్లుగా రెండు వైపులా కూర్చుని తిన్నవాడిగా నాకనిపించేది, ఈ వాదనలో పోలికే తప్పుగా మొదలవుతోందని. చిన్న ఊళ్లో బండి వంటింటికి అదనం. నగరంలో బండి వంటింటికి బదులు. రుచి, ధర, శుభ్రం, నమ్మకం, చట్టం ఏది తీసుకున్నా ఈ తేడా దగ్గరికే వచ్చి ఆగుతాం. ఒక్కొక్కటే చూద్దాం.

ఏది ఊరు, ఏది నగరం

జనాభా లెక్కల వాళ్లకి పట్టణం అంటే ఒక కొలత ఉంది. కనీసం 5,000 జనాభా, పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయేతర పనుల్లో ఉండటం, చదరపు కిలోమీటరుకి 400 మంది జనసాంద్రత. మున్సిపాలిటీ అయితే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, పట్టణమే. అంటే ప్రభుత్వ కాగితం మీద తణుకూ హైదరాబాదూ ఒకే గడిలో కూర్చుంటాయి.

దీనివల్ల తిండి లెక్కల్లో ఒక చిక్కొస్తుంది: అక్కడ పల్లె, పట్టణం అని రెండే వరసలు, చిన్న ఊరికి వేరే వరస లేదు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పల్లె మనిషి నెల ఖర్చులో పానీయాలు, ఫలహారాలు, ప్రాసెస్ చేసిన ఆహారం వాటా 9.84 శాతం, పట్టణ మనిషి ఖర్చులో 11.09 శాతం. మొత్తం ఖర్చు పల్లెలో తలకి నెలకి 4,122 రూపాయలు, పట్టణంలో 6,996 రూపాయలు కాబట్టి రూపాయల్లో తేడా పెద్దదే. వాటాలో మాత్రం ఇంచుమించు ఒకటే. ఊళ్లో వాళ్లు ఇంట్లోనే తింటారు, సిటీ వాళ్లు బయటే తింటారు అనే మాట సగమే నిజమని ఇక్కడే తేలిపోతోంది. కానీ ఈ గడిలో బిస్కెట్ ప్యాకెట్టూ ఉంది, బజ్జీ ప్లేటూ ఉంది. సరదాకి తిన్నదీ ఉంది, గతిలేక తిన్నదీ ఉంది. ఎంత ఖర్చయిందో సర్వే చెప్తుంది, ఎందుకు తిన్నారో చెప్పదు. మనకి కావలసింది ఆ 'ఎందుకు'.

పూటకూళ్ల నాటి సంగతి

డబ్బిచ్చి బయట తినడం మనకి కొత్తేమీ కాదు. క్రీడాభిరామం వీథినాటకంలో ఓరుగల్లు పూటకూళ్లిల్లు కనిపిస్తుంది, రూకకి భోజనం దొరుకుతుంది. కన్యాశుల్కంలో విజయనగరం పూటకూళ్లమ్మ లేకపోతే గిరీశానికి పూట గడవదు. ఈ రెండిటి మధ్యా కొన్ని వందల ఏళ్లున్నా అక్కడ తినేవాళ్లు ఒకే జాతి: ఊరుకాని ఊళ్లో ఉన్న బాటసారులు, చదువుకునేవాళ్లు, కోర్టు పనులమీద వచ్చినవాళ్లు, గిరీశం లాంటి ఒంటరిగాళ్లు. డబ్బు లేనివాళ్లకి సత్రాలుండేవి. కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) లాంటి వాళ్ల ఇళ్లుండేవి. ఇవన్నీ వంటింటికి బదులుగా పుట్టినవే. ఇల్లున్నవాడు పూటకూటికి వెళ్తే ఊళ్లో తలవంపు.

ఇల్లున్నవాడు కూడా బయట తినొచ్చని నేర్పింది కాఫీ హోటలు. తర్వాత బజ్జీ బండి, ముంత మసాలా, గోలీసోడా, సినిమా హాలు దగ్గర పల్లీలు. ఇవి భోజనం జోలికి పోలేదు, భోజనాల మధ్య ఖాళీలోకి దూరాయి. చిన్న ఊళ్లు పేరు తెచ్చుకున్నదీ ఈ ఖాళీలోనే. తాపేశ్వరం కాజా, మాడుగుల హల్వా, కాకినాడ కాజా, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు, 2023లో పొందిన ఆత్రేయపురం పూతరేకులు. పూతరేకు తిని కడుపు నింపుకున్నవాణ్ణి ఎవరూ చూసి ఉండరు. హైదరాబాదుకి పేరు తెచ్చిందేమో బిర్యానీ, అంటే నిండు భోజనం. ఊరి పేరు చిరుతిండి మీదా, నగరం పేరు కడుపుకూటి మీదా నిలబడటం కాకతాళీయం అని నేననుకోను.

పొద్దుటి టిఫిన్ ఈ లెక్కకి కొంచెం అడ్డమొస్తుంది. కర్నూలు, అనంతపురం వైపు నానబెట్టిన బొరుగులతో చేసే ఉగ్గాని, పక్కన బజ్జీ. నెల్లూరు కారం దోసె. అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు. మార్కెట్ యార్డు హమాలీకీ, తెల్లారకుండా బస్సెక్కే కూలీకీ ఇవి సరదా కావు, పని చేయడానికి కావలసిన సత్తువ. కాబట్టి చిన్న ఊళ్లోనూ 'బదులు' ఆకలి ఎప్పుడూ ఉంది. అది పొద్దున్నే వచ్చి, తొమ్మిదిన్నరకల్లా పళ్లెం కడిగేసి వెళ్లిపోయేది. సాయంత్రం రాజ్యం మాత్రం బజ్జీదే.

రుచి ఎక్కడిది

రుచి విషయంలో ఊరి పక్షం గెలుస్తుందని చాలామంది ఒప్పుకుంటారు. కారణం మాత్రం నీళ్లనీ, గాలినీ, చేతినీ అంటారు. నాకు కనిపించే కారణం వేరు. ఆకలి రుచెరుగదంటారు గానీ, ఆకలి లేనివాడికి రుచి తప్ప ఇంకేం కావాలి? కడుపు నింపుకోడానికి రానివాణ్ణి రప్పించాలంటే రుచి ఒక్కటే దారి. పిండిలో సోడా ఎక్కువైన రోజు మా వీధి బండి దగ్గర నాలుగో వాయి అమ్ముడుపోదు. మర్నాడు అదే జనానికి మొహం చూపించాలి. అతని వంటకాలు మూడు: మిరపకాయ బజ్జీ, పునుగులు, పకోడీ. ముప్ఫై ఏళ్లు మూడే చేస్తే చేతికి లెక్క తెలిసిపోతుంది.

అమీర్‌పేట బండి చేయాల్సినవి ఇడ్లీ, వడ, నాలుగు రకాల దోసెలు, ఉప్మా, పూరీ, బోండా. రోజూ వచ్చే జనంలో సగం ఆరునెలలకి కోర్సు అయిపోయి వెళ్లిపోతారు. ఆకలిగా ఉన్నవాడు ఉప్పు తక్కువైనా తింటాడు. అక్కడ చేయి తిరగనివాళ్లని కాదు. అక్కడ వాళ్లని పోషించేది వేగం. దోసె పెనం మీద ఎనిమిది ఒకేసారి వేసి, ఏది ఎవరిదో మరిచిపోకుండా తిప్పడం కూడా విద్యే. అది రుచి విద్య కాదు, ఆదుకునే విద్య.

ఇంకో మాట. పొరుగింటి పుల్లకూర సామెత ఇక్కడ తిరగబడి పనిచేస్తుంది. వదిలొచ్చిన ఇంటి పుల్లకూరే నగరంలో ఉన్నవాడికి రుచి. చిన్నప్పటి బజ్జీ గురించి మాట్లాడేటప్పుడు మనం బజ్జీతో పాటు మన పన్నెండో ఏటిని కూడా తింటున్నాం. సమీక్షలో దాన్ని తీసేసి తూచడం న్యాయం.

ధర: వస్తువుకి కాదు, చోటుకి

ఊళ్లో చవక, నగరంలో ఖరీదు. ఇది నిజమే గానీ మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, నూనె రెండు చోట్లా ఇంచుమించు ఒకే ధర. పందొమ్మిది కిలోల కమర్షియల్ సిలిండరూ అంతే. తేడా వచ్చేది నిలబడ్డ చోటు దగ్గర. చిన్న ఊళ్లో బండాయన మున్సిపాలిటీ పాటదారుకి ఆశీలు కడతాడు. తెలంగాణలో దాన్ని తైబజారు అంటారు. బండి రాత్రికి ఇంటి ముందుకే చేరుతుంది. సాయానికి భార్య ఉంటుంది, జీతం లేదు. నగరంలో వెనకున్న షాపు యజమానికి రోజు అద్దె, బండి పెట్టుకోడానికి గది, నీళ్ల టిన్నులు, ఇద్దరు కుర్రాళ్ల జీతం, ఎవరెవరికో మామూళ్లు. ప్లేటులో మనం కొనేది దోసెతో పాటు ఆరడుగుల రోడ్డు.

పెట్టుబడి దగ్గర మాత్రం ఊరికీ నగరానికీ తేడా లేదు. రోజువారీ ఫైనాన్సు వాళ్ల లెక్క అందరికీ తెలిసిందే: పదివేలని రాసుకుని తొమ్మిదివేలు చేతిలో పెట్టి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పదిశాతమే కదా అనిపిస్తుంది. రోజూ అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి ఏడాదికి లెక్క కడితే నూటికి డెబ్భై ఐదు దాటుతుంది. 2020 జూన్‌లో కరోనా మధ్యలో మొదలైన పీఎం స్వనిధి పథకం మొదటి విడతగా 10,000 రూపాయల రుణం పెట్టడం వెనక ఈ లెక్కే ఉంది. 2025లో దాన్ని 15,000 చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే జగనన్న తోడు పేరుతో 10,000 వడ్డీ లేని రుణం ఇచ్చారు. బజ్జీ ధరలో ఎంత భాగం శనగపిండికి, ఎంత భాగం వడ్డీకి పోతుందో తినేవాడికి కనపడదు.

ఖాతా, కొసరు, చుక్కలు

నమ్మకం విషయానికొస్తే, చిన్న ఊరు రెండు పద్దుల మీద నడిచేది. ఒకటి ఖాతా, రెండోది కొసరు. ఖాతా అంటే తినేవాణ్ణి బండాయన నమ్మడం: "రేపిద్దురు లెండి." కొసరు అంటే తినేవాడు బండాయన్ని నమ్మేలా చేసుకోవడం: పొట్లం కట్టాక పైన ఇంకో నాలుగు పునుగులు. రెండూ చిల్లర లేకపోవడం మీద బతికాయి. మూడు రూపాయల చిల్లర లేదంటే అది అప్పుగానో పునుగుగానో మారేది.

ఇప్పుడు మా వీధి బండికి కూడా క్యూఆర్ అట్ట ఉంది. పక్కన చిన్న స్పీకరు డబ్బా ఎవరెంత ఇచ్చారో బజారంతా వినిపించేలా చెప్తుంది. లెక్క పైసాతో సహా సరిపోతోంది. సరిపోయేసరికి ఖాతా పోయింది, కొసరు పల్చబడింది. దీన్ని నష్టమనే అనలేం. ఖాతా దొరికేది తెలిసినవాడికే. కొత్తగా ఊళ్లోకి దిగిన కూలీకి ఎవరూ 'రేపిద్దురు' అనలేదు. బండాయనకి కూడా, పెద్దమనిషి అరువు వసూలు చేసుకోలేక మింగిన సాయంత్రాలున్నాయి.

నగరంలో ఆ పని ఫోనులోని రేటింగ్ చుక్కలు చేస్తున్నాయి. నాలుగు దశాంశం రెండు చుక్కలంటే ఎవరో తెలియని వెయ్యిమంది నమ్మకం. అది తప్పేం కాదు. రోజుకి వెయ్యి మొహాలు మారే చోట మొహం చూసి నమ్మడం కుదరదు. కాకపోతే చుక్కలున్న హోటలు వంటగది ఎక్కడుందో కూడా తినేవాడికి తెలియదు. బండి దగ్గర కనీసం పొయ్యి కళ్లముందే ఉంటుంది.

ఆ పదిమందిలో లేనివాళ్లు

ఊరి బండి చుట్టూ ఉన్న పదిమందిని మళ్లీ చూడండి. అందరూ మగవాళ్లే. మా అమ్మ ముప్ఫై ఏళ్లు ఆ బండి బజ్జీలు తిన్నది గానీ, ఒక్కసారీ అక్కడ నిలబడి తినలేదు. చేతికి స్టీలు డబ్బా ఇచ్చి నన్ను పంపేది, "అడుగున పునుగులు, పైన బజ్జీలు పెట్టమను, మెత్తబడతాయి" అని చెప్పి. చిన్న ఊళ్లో ఆడవాళ్లకి రోడ్డు తిండి అంటే పార్శిలే. బండి మీద పిండి కలిపేదీ, ఉల్లిపాయలు తరిగేదీ ఆడమనిషే అయినా సరే. అమీర్‌పేటలో హాస్టల్ అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నరకి నిలబడి దోసె తిని, పళ్లెం పెట్టేసి, నవ్వుకుంటూ వెళ్తారు. ఎవరూ తలతిప్పి చూడరు. నగరం ఇచ్చిన వాటిలో దీన్ని మొదట రాయాలి.

రెండోది కులం. చిన్న ఊరి హోటలు ఆప్యాయత గురించి మాట్లాడేవాళ్లు రెండు గ్లాసుల పద్ధతి గురించి మాట్లాడరు. దళితులకి వేరే గ్లాసు, తాగి వాళ్లే కడిగి బయట పెట్టాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేశాక, 1955లో చట్టం హోటళ్లలో వివక్షని నేరం చేశాక కూడా ఎన్నో పల్లెల్లో, చిన్న ఊళ్లలో టీ బడ్డీల దగ్గర ఇది సాగింది. అందరికీ ఒకే పేపరు కప్పు వచ్చి కొంత చేసింది. నగరంలో ఎవరి ఇంటిపేరూ అడగని బండి మరికొంత చేసింది. మొహం తెలిసినచోట ఖాతా దొరుకుతుంది, కులమూ తెలుస్తుంది. మొహం తెలియనిచోట రెండూ ఉండవు. ఊరి ఆప్యాయతకి ధర ఎవరెవరు ఎంతెంత చెల్లించారో కూడా ఈ తూకంలో వేయాలి.

శుభ్రం అసలు లెక్క

శుభ్రం పేరుతో జరిగే వాదనలో రెండు పక్షాలూ తప్పే చెప్తాయి. ఊరి బండి స్వచ్ఛమైనదేమీ కాదు. నిన్నటి నూనెలో ఇవాళ కొత్త నూనె కలిపే అలవాటు అక్కడా ఉంది. కాగిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధన. దాన్ని కొలిచే మీటరు బండి మీద ఉండదు. నూనె నల్లబడటం, నురగ కట్టడం చూసి తెలుసుకోవలసిందే. వార్తాపత్రికల్లో తిండి చుట్టకూడదన్న నిబంధన కూడా ఊళ్లో పొట్లం దాకా పూర్తిగా చేరలేదు.

అయినా ఊరి బండి తిని జబ్బుపడ్డ మాట తక్కువ వింటాం. కారణం స్వచ్ఛత కన్నా పద్ధతి. వేగేదో ఉడికేదో తప్ప ఇంకేం లేదు, పొయ్యి మీంచి నేరుగా చేతిలోకి, పిండి ఆ సాయంత్రమే అయిపోతుంది, నిలవ పెట్టడానికి ఫ్రిజ్ లేదు. నగరం బండి మీద చల్లటి చట్నీలు, ముందే చేసిన మసాలాలు, సాసులు, మయోనైజ్. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, చాలామంది ఆసుపత్రి పాలయ్యాక తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. వేడి తగలని పదార్థం, ఎక్కువ సేపు నిలవ, ఎక్కువ మంది తినడం కలిస్తే ప్రమాదం ఎంతలా పెరుగుతుందో ఆ ఘటన చూపించింది. అదే ఏడాది ఆహార భద్రతా బృందాలు ఆ నగరంలోనే పేరున్న రెస్టారెంట్ల వంటగదుల్లో గడువు తీరిన సరుకు, అపరిశుభ్రత పట్టుకున్నాయి కాబట్టి, రోడ్డు అంటే మురికి, ఏసీ అంటే శుభ్రం అనే లెక్క కూడా చెల్లదు.

మళ్లీ ఆ పాలిథిన్ కవరు దగ్గరికి వద్దాం. వేడి దోసె కింద ప్లాస్టిక్ పెట్టడం మంచిది కాదని బండావిడకీ తెలుసు. నేనడిగితే "నీళ్లెక్కడున్నయ్ అన్నా?" అంది. రాత్రికి కొన్ని వందల పళ్లేలు కడగడానికి ఆమె దగ్గరున్నది రెండు డ్రమ్ముల నీళ్లు. కవరు ఆమె కనిపెట్టిన కుళాయి. రోడ్డు తిండి శుభ్రం గురించి జరిగే ప్రచారాల్లో చేతి తొడుగులు, టోపీలు కనిపిస్తాయి. కుళాయి కనిపించదు.

రోడ్డు ఎవరిది

చట్టం మాత్రం ఈ విషయంలో చాలా దూరం వచ్చింది. వీధి వ్యాపారం కూడా రాజ్యాంగమిచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని, సహేతుకమైన ఆంక్షలకి లోబడి అని, 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాతికేళ్లకి, 2014లో, వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం సర్వే చేసి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకి చోటు చూపించాలి. తిండి బళ్లకైతే వేరే నమోదు కూడా పెట్టారు: 2011 నిబంధనలు దాన్ని ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్నవాళ్లకి వంద రూపాయల రుసుముతో సులువు చేశాయి.

కాగితం ఇంత బావున్నా రోడ్డు మీద పంచాయితీ ఆగలేదు. 2024 మొదట్లో హైదరాబాదు ఐటీ ప్రాంతంలో కుమారి ఆంటీగా పేరుపడ్డ ఆవిడ భోజనాల బండి దగ్గర జనం పెరిగి ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు బండి తీయించారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యంతో మళ్లీ పెట్టుకోనిచ్చారు. ఆవిడది గుడివాడ. ఊరి చేయి, నగరం ఆకలి కలిసిన చోటు అది. అందరూ దీన్ని సోషల్ మీడియా కథగా చూశారు. నాకు కనిపించింది ఇంకోటి: ఒక బండి ఉండాలో వద్దో తేల్చడానికి ముఖ్యమంత్రి దాకా వెళ్లవలసి వచ్చిందంటే, తేల్చవలసిన కమిటీ ఏం చేస్తున్నట్టు? అంత పేరు లేని బండి సంగతేమిటి?

వంటింటికి అదనమైన బండిని ఒక వారం తీసేస్తే ఊరికి సాయంత్రం చప్పబడుతుంది. వంటింటికి బదులైన బండిని తీసేస్తే ఆ రాత్రి కొందరు పస్తుంటారు. అందుకే నగరం బండిని ఆక్రమణల పద్దులో రాయడం తప్పు. దాన్ని రాయవలసింది మంచినీళ్లు, సిటీ బస్సు పద్దులో. ప్రభుత్వాలు ఒక విధంగా దీన్ని ఒప్పుకున్నాయి కూడా. హైదరాబాదులో 2014లో ఐదు రూపాయల భోజనం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో అన్న క్యాంటీన్లు ఐదు రూపాయలకే వచ్చి, 2019 తర్వాత మూతబడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. వంటింటికి బదులు అవసరమని ఒప్పుకున్న చేత్తోనే బండిని ట్రాక్టరెక్కించడం ఏం పొంతన?

ఊళ్లోకి వచ్చిన రెండో ఆకలి

ఇంతదాకా నేను ఊరినీ నగరాన్నీ రెండు గదుల్లో పెట్టి మాట్లాడాను. ఆ మధ్య గోడ ఇప్పుడు కరుగుతోంది.

రోడ్డు పెద్దదయ్యాక బైపాస్ పడ్డ ఊళ్లలో బస్సులు లోపలికి రావడం మానేశాయి. బస్సు పది నిమిషాలు ఆగితే బతికిన బస్టాండు బళ్లు చితికిపోయి, ఆ జనమంతా హైవే పక్క పెద్ద పార్కింగున్న హోటళ్లకి మళ్లారు. ఊళ్లోపల సాయంత్రం బజ్జీ బండి పక్కన రాత్రి ఫ్రైడ్ రైస్, నూడుల్స్ బండి వెలిసింది. దాని మీద గరిట తిప్పే కుర్రాడు చాలాచోట్ల ఒడిశా నుంచో బెంగాల్ నుంచో నేపాల్ నుంచో వచ్చినవాడు. మనవాళ్లు హైదరాబాదుకి వెళ్లి దోసెలు పోస్తుంటే మన ఊళ్లకి ఇంకెవరో వచ్చి నూడుల్స్ వేయిస్తున్నారు. కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో దోసెల పిండి ప్యాకెట్లు, సెంటర్లో కర్రీ పాయింట్లు, ఫోనులో ఆర్డర్లు. అన్న క్యాంటీను కూడా ఏదో మహానగరంలోనే లేదు, మామూలు మున్సిపాలిటీల్లోనూ ఉంది.

కర్రీ పాయింటును ప్రత్యేకంగా చూడాలి. అన్నం ఇంట్లో కుక్కర్లో పెట్టుకుని, పప్పూ వేపుడూ సాంబారూ కవర్లలో తెచ్చుకోవడం నగరం కనిపెట్టిన మధ్యేమార్గం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో ఆ కవరు గంట సమయం మిగులుస్తుంది. ఆ గంట ఎక్కువగా ఆడవాళ్లదే. చిన్న ఊళ్లోకి అది వచ్చిందంటే వంటింటి కాపలా డ్యూటీ అక్కడా సడలుతోందని అర్థం. 'ఇంటి వంట పోతోంది' అని వాపోయేవాళ్లు ఇంతకాలం ఆ వంట చేసిందెవరో ఒకసారి లెక్క చూసుకోవాలి.

మొన్న వేసవిలో తణుకు వెళ్తే, బజ్జీ బండి ఉండే చోటుకి నాలుగడుగుల దూరంలో రాత్రి టిఫిన్ బండి కొత్తగా కనిపించింది. ఏడున్నరకి మొదలై పదింటిదాకా. ఇడ్లీ, దోసె, చపాతీ. నేను నిలబడ్డ అరగంటలో అక్కడే తిన్నవాళ్లు నలుగురు, పార్శిళ్లు పదకొండు. ఆ పదకొండులో చాలావరకు రెండు దోసెలో, మూడు చపాతీలో ఉన్న చిన్న పొట్లాలు. ఇద్దరు మనుషుల కొలత. ఒక రిటైర్డ్ మాస్టారు తన పొట్లం అందుకుంటూ చెప్పారు, "పిల్లలిద్దరూ సిటీలోనే. మా ఇద్దరికోసం రాత్రిపూట పొయ్యి వెలిగించడం దేనికి?" ఆయన కొడుకు హైదరాబాదులో ఉంటాడు. బహుశా ఆ వేళకి అతనూ ఎక్కడో ఒక బండి దగ్గర నిలబడే ఉంటాడు.

చిన్న ఊళ్లోకి వచ్చిన ఈ రెండో ఆకలి పాతదానంత సరదా అయినది కాదు. దీనికి రుచి ఒక్కటే చాలదు. వేళకి ఉండాలి, కుళాయి ఉండాలి, వయసు మళ్లినవాళ్లకి పడే నూనె ఉండాలి, తీసేస్తారన్న భయం లేని చోటుండాలి. నగరం ఇవేవీ అమర్చకుండానే బళ్లని పెరగనిచ్చి, తర్వాత వాటితో కుస్తీ పడుతోంది. చిన్న ఊళ్లకి ఇంకా సమయముంది. రాత్రి బండి మా వీధిలో ఒకటే. పట్టణ విక్రయ కమిటీ అనేది నిజంగా కూర్చుంటే, దాని ముందు పెట్టవలసిన మొదటి లెక్క ఆ పదకొండు పొట్లాలు.

మాస్టారు వెళ్లబోతుంటే బండాయన పిలిచి ఇంకో చట్నీ పొట్లం చేతిలో పెట్టాడు. స్పీకరు డబ్బా అప్పటికే ఎనభై రూపాయలు అందాయని అరిచేసింది. ఈ చట్నీ ఆ లెక్కలో లేదు.